నూటొకటో జాడీ

మిట్టమధ్యాహ్నం వేళ, ఆకాశంలో దూదిపింజంత మబ్బయినా లేని సమయాన, ‘జలకాకి’ ఓడ కడుపులో ఫెళ్లుమని ఏదో పగిలింది. మరుక్షణం సరుకు గది తలుపు ఊడి, గిరగిర తిరుగుతూ ఎగిరి సముద్రంలో పడింది. ఆ వెనకే బూడిద రంగులో, తాటిచెట్టంత పొడవున, నడుము కింద కాళ్లనేవే లేకుండా ఒక ఆకారం సుడులు తిరుగుతూ పైకి లేచింది.

“గాలి దయ్యంరోయ్” అంటూ చుక్కాని పట్టినవాడు బల్ల కింద దూరాడు. దూరక ఏం చేస్తాడు పాపం, వాడికి పెళ్లయి పట్టుమని పది రోజులు కాలేదు.

దయ్యం తెరచాప కంబాన్ని చెరుకుగడలా రెండుగా విరిచింది. తాళ్లు తెగాయి. నీళ్ల పీపాలు దొర్లాయి. ఓడకు సరంగు ఎర్రమ్మ. ఏభై ఏళ్ల మనిషి, చెవులకు వెండి గంటీలు, గొంతు మాత్రం శంఖం. ఆమె తెడ్డు ఎత్తి “నా ఓడ మీద నీ పెత్తనమేటిరా” అని దాని వెంటపడింది. దయ్యం ఆమెను తెడ్డుతో సహా లేపి తాళ్ల కుప్ప మీద కూలేసింది.

ఆ సమయానికి వంట గదిలో బంగారి పచ్చడి కోసం ఎండుమిరపకాయలు వేయిస్తున్నది. బంగారి అన్నది ఓడలో పేరు. నిజానికి ఆమె కమలద్వీపపు రాకుమారి వారుణి. మాయలమారి కపోతకంఠుడు ఆమెను ఎత్తుకుపోయి కొండగుహలో పెడితే, రాయసం కేసన ఆమెను విడిపించి ఈ ఓడ ఎక్కించి ఇరవై రోజులయింది. కేసన రాజకుమారుడు కాడు, వీరుడు అంతకన్నా కాడు. రేవుల్లో తాటాకుల మీద పత్రాలు రాసి పొట్ట పోసుకునే వ్రాయసగాడు. వేరే దారి లేక ఓడ ఎక్కించాడు. కపోతకంఠుడు ఎంతటివాడైనా, ఉప్పునీటి మీద అతడి కొత్త మంత్రం పారదు, నేల మీద ముందే వేసిన కట్టు మాత్రం పట్టు విడవదు.

బంగారి వేడి మూకుడు అలాగే పట్టుకుని బయటికి వచ్చి, దయ్యం తన మీదికి వంగగానే దాని ముక్కు కింద పెట్టింది. ఎండుమిరప ఘాటు తగలగానే దయ్యం తుమ్మింది. తుమ్మిన ప్రతిసారీ అందులో గాలి పోయి కాస్త చిన్నదయింది. తాటిచెట్టు అరటిచెట్టయింది. అరటిచెట్టు ఆముదం మొక్కయింది. కేసన ఓడ కమ్మరి కొలిమితిత్తి లాక్కొచ్చి, మూతి దాని వీపుకు ఆనించి, పిడి పట్టి ఒక్క గుంజు గుంజాడు. తిత్తి పనే గాలిని లోపలికి లాగడం కదా. దయ్యం సుయ్యిమని లోపలికి పోయింది. కేసన మూతికి మైనం అద్ది, పైన మూడు చుట్లు తాడు బిగించాడు.

“బతుకు జీవుడా” అని ఓడలోని నలభైమందీ ఉన్నచోటనే కూలబడ్డారు. బంగారి మూకుడులోకి చూసి, “పచ్చడి మాడిపోయింది” అంది. ఆ మాటకు ఎర్రమ్మ నవ్విన నవ్వుకు తాళ్ల కుప్ప కదిలింది.

రాత్రంతా తెడ్లు వేసి, తెల్లవారేసరికి వేలాపురి రేవు చేరారు.

వేలాపురిని చూడాలంటే సముద్రం మీద నుంచే చూడాలి. పగడపు రంగు రాతితో కట్టిన కోట, ప్రతి బురుజు మీద ఒక రాగి చేప, ఆ చేపల నోళ్లలో నుంచి ఉదయపు గాలి దూరి వేణువుల్లా మోగుతుంది. లవంగాల బస్తాలు, పట్టు మూటలు, ఏనుగు దంతాలు, నెమళ్ల బోనులు, ఇన్నిటి నడుమ నడిచే మనుషులకు వాసనే దారి చూపుతుంది. కోట ముందు నుంచి నీళ్లలోకి దిగే నలభై రాతిమెట్లను తగవుమెట్లు అంటారు. ఓడ తగవు ఏదైనా అక్కడే తేలాలి. వాదులిద్దరూ సముద్రపు నీళ్లలో నిలబడి వాదించాలి, ధర్మాధికారి నీటికి నాలుగు మెట్ల పైన పీట వేసుకు కూర్చుంటాడు. పోటు నీరు ఆయన పాదం తాకేలోగా వాదం ముగియాలి. ఉప్పునీటిలో నిలబడి ఎవరూ ఎక్కువసేపు అబద్ధం ఆడలేరని ఆ ఊరి నమ్మకం. కాళ్లు నానిపోతాయన్నది అసలు కారణమని నా అనుమానం.

మొదటి మెట్టు మీద పూలదండ చేతబట్టుకుని మణిగుప్త శెట్టి నిలబడి ఉన్నాడు. మకరతీర్థం రేవులో సరుకు ఎక్కించినవాడు ఇతడే. ఎంత ఎండ కాస్తున్నా మెడ చుట్టూ శాలువా.

“క్షేమంగా వచ్చారా సరంగమ్మా. నా తేనె కూడా క్షేమమే కదా” అన్నాడు.

“నూరు జాడీలు సేమం. ఒకటి పగిలిపోనాది” అంది ఎర్రమ్మ.

శెట్టి పూలదండను నీళ్లలోకి విసిరేసి, మొలలో నుంచి తాటాకు పత్రం తీశాడు. “అయితే ఈ ఓడా, ఓడలో ఉన్న ప్రాణులన్నీ నావి. వంటమనిషితో సహా” అన్నాడు.

ఆ చివరి మాట అంటున్నప్పుడు గాలికి శాలువా ఒక్క వేలెడు జారింది. కంఠం మీద పావురాయికి ఉన్నట్టు ఆకుపచ్చా ఊదా కలిసిన మెరుపు. కేసన ఆ మెడను గుర్తుపట్టాడు. కపోతకంఠుడు. అయినా ఏం చెప్పగలడు? మెడ రంగు నేరం కాదు. పైగా ఆ పత్రం రాసింది ఎవరు? తానే. మకరతీర్థంలో శెట్టి గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, ఒక్క గీత తప్పు పోకుండా రాశానని మురిసిపోయాడు. గంటం పరిగెత్తేటప్పుడు రాసేవాడికి చెవులు పనిచేస్తాయి, బుర్ర పనిచేయదు. ఎర్రమ్మకు చదువు రాదు. కేసన రాశాడంటే చాలని వేలిముద్ర వేసింది.

తగవు మొదలయింది. ధర్మాధికారి సాగరభట్టు తొంభై ఏళ్ల వృద్ధుడు. పత్రాన్ని కళ్లకు ఆనించుకుని గట్టిగా చదివాడు.

“సరుకు నూటొక్క జాడీల తేనె. గాలి, వాన, అల, పిడుగు, వీనిచేత సరుకు చెడిన యెడల ఓడవారి తప్పు లేదు. మరి యే కారణముచేతనైనను సరుకు చెడిన యెడల ఓడయు, ఓడలోని ప్రాణులెల్లరును సరుకువాని సొమ్ము.”

ఎర్రమ్మ, కేసన, శెట్టి మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు. ఓడ అంచు దగ్గర బంగారి నిలబడి ఉంది. తీర్పు అటు తిరిగితే ఆమె ఆ నిచ్చెన దిగి, మెట్లెక్కి, పొడినేల మీద శెట్టి చేతిలో పడాలి. అది ఆమెకు తెలుసు, కేసనకు తెలుసు, శెట్టికి ఇంకా బాగా తెలుసు.

“గాలే పగలగొట్టింది బాబూ” అంది ఎర్రమ్మ. “పత్రంలో రాసిన కారణాల్లో మొదటిదే గాలి. మా పిల్లకి గాలి సోకింది అంటాం, గాలి పట్టింది అంటాం. ఆ గాలే ఇది. అదిగో, తిత్తిలో కట్టి ఉంచాం, సూసుకోండి.”

ఓడ మీద కొలిమితిత్తి ఉబ్బి తగ్గి, లోపలి నుంచి ఒక తుమ్ము వినిపించింది. మెట్ల మీద జనం “గాలే, గాలే” అన్నారు. సాగరభట్టు తల ఊపాడు. కేసన ప్రాణం లేచొచ్చింది.

శెట్టి తొణకలేదు. “ధర్మప్రభూ, మాటను ఒంటరిగా పట్టుకోకూడదు. పప్పు, ఉప్పు, చింతపండు, మిరపకాయ అని చీటీ రాసి పంపితే, కొట్టువాడు వండే పప్పు ఇస్తాడా, వాళ్ల వీధిలో ఉండే పప్పుగాణ్ణి చేయి పట్టి తెస్తాడా?”

జనం నవ్వారు. సాగరభట్టు కూడా నవ్వాడు. అక్కడే దెబ్బ తగిలింది.

“గాలి పక్కన ఏముంది? వాన ఉంది. అల ఉంది. పిడుగు ఉంది. అన్నీ ఆకాశంలోవి, సముద్రంలోవి. కనుక ఈ గాలి కూడా వీచే గాలే. దయ్యాన్ని లెక్కలో పెట్టదలిస్తే పక్కన పిశాచం అనో, బ్రహ్మరాక్షసి అనో ఉండేది. నిన్న ఆకాశం నిర్మలం. ఆకు కదల్లేదు. జాడీని పగలగొట్టింది దయ్యం. దయ్యం పత్రంలో లేదు. కనుక ‘మరి యే కారణముచేతనైనను’ అన్న మాట కిందికి వస్తుంది. ఓడ నాది.”

సాగరభట్టు గడ్డం నిమిరాడు. “మాటకు పక్కమాటే సాక్షి. ఈ రేవులో మా తాతల నాటి నుంచి అదే ధర్మం. శెట్టి చెప్పింది సబబుగా ఉంది. ఓడవారు ఇంకేమైనా చెప్పేది ఉందా?” అన్నాడు.

నీరు నడుముకు వచ్చింది. ఎర్రమ్మ కేసన వైపు చూసింది. ఓడ మీద బంగారి తల మీది ముసుగు సర్దుకుని, నిచ్చెన మీద ఒక కాలు పెట్టింది. తన కోసం నలభైమంది మెట్ల మీద పెనుగులాడటం ఆమెకు ఇష్టం లేదు. కేసన ఆ కాలు చూశాడు. చూసిన ఆ క్షణంలోనే, తాను రాసిన మొదటి పంక్తి మళ్లీ కళ్ల ముందు కదిలింది.

“శెట్టిగారి మాటే నాకు ప్రమాణం” అన్నాడు కేసన.

ఎర్రమ్మ నీళ్ల కింద నుంచి అతడికి తొడపాశం పెట్టింది. “నీకూ గాలి పట్టిందేటిరా.”

“ఆగత్తా. గాలి అంటే వీచే గాలే, ఒప్పుకున్నాను. మాటకు పక్కమాటే సాక్షి, అదీ ఒప్పుకున్నాను. శెట్టిగారూ, ఈ పద్ధతి రెండో పంక్తికొకటీ మొదటి పంక్తికొకటీ ఉండదు కదా. పత్రమంతటికీ ఒకటే కదా?”

“ఒకటే. అందులో సందేహమేముంది” అన్నాడు శెట్టి, అప్పటికే ఓడ వైపు చూస్తూ.

“సరుకు నూటొక్క జాడీల తేనె అని రాయించారు. నూటొకటో జాడీ పక్కన ఎవరున్నారు? నూరు జాడీల తేనె. మరి పక్కవాళ్లంతా తేనె అయినప్పుడు నూటొకటో జాడీలో ఏముండాలి?”

“తేనే” అన్నాడు శెట్టి. అని, నాలుక కరుచుకున్నాడు.

కేసన సాక్ష్యానికని ఓడ నుంచి తెచ్చి భుజాన వేసుకున్న మూట విప్పి, పగిలిన జాడీ పెంకులు సాగరభట్టు పాదాల దగ్గర పరిచాడు. “ధర్మప్రభూ, మా ఓడలో చీమలు ఉప్పుచేపను కూడా వదలవు. నిన్న మధ్యాహ్నం నుంచి తెల్లవారేదాకా ఈ పెంకులు సరుకు గదిలోనే పడి ఉన్నాయి. ఒక్క చీమ పట్టలేదు. కావాలంటే నాలుకకు తాకించి చూడండి. ఇందులో తేనె ఎన్నడూ లేదు. ఉన్నది దయ్యం. పగలగొట్టింది దయ్యమేనని శెట్టిగారు తమ నోటితోనే సెలవిచ్చారు.”

సాగరభట్టు నిజంగానే ఒక పెంకు నాకి చూసి, మొహం చిట్లించాడు.

“సరుకంటే తేనె. తేనె కానిది సరుకు కాదు. పగిలింది సరుకు కాదు, శెట్టిగారు చెప్పకుండా ఎక్కించిన దయ్యం ఇల్లు. సరుకు చెడితేనే కదా ఓడ పోయేది.”

శెట్టికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. అయినా తాడిని తన్నినవాడు, అంత తేలిగ్గా వదులుతాడా? “అయితే నాకు రావలసిన తేనె ఒక జాడీ తక్కువ. ఆ తక్కువ కూడా చెడుపే” అన్నాడు.

“ఎక్కించింది నూరైతే దించేది నూటొకటి ఎలా అవుతుందండీ? తక్కువైంది ఎక్కించిన చేతిలో.”

“ఆ నూరు క్షేమమో కాదో చూద్దాం” అన్నాడు సాగరభట్టు. నావికులు నూరు జాడీలూ ఓడ నుంచి దించి మెట్ల మీద వరుసగా పేర్చారు. ముద్రలన్నీ చెక్కుచెదరలేదు. ధర్మాధికారి చేతికి అందిన జాడీ మూత తీయించి, వేలు ముంచి చప్పరించాడు. తొంభై ఏళ్ల మొహం పసిపిల్లాడి మొహమయింది. “తేనే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. తక్కినవి విప్పనక్కర్లేదు.”

అల ఒకటి వచ్చి ఆయన పాదం తడిపింది. వాదం ముగిసింది. సాగరభట్టు లేచి నిలబడ్డాడు.

“సరుకు చెడలేదు. ఓడ ఎర్రమ్మది. ఓడలోని ప్రాణులు ఎవరికి వారే, ఎవరి సొమ్మూ కారు. ఇది తీర్పు.”

కేసన నీళ్లలోనే కూర్చుండిపోయాడు. గడ్డం దాకా మునిగి, ఉప్పునీళ్లు మింగి, దగ్గుతూ నవ్వాడు. ఎర్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఓడ మీద బంగారి నిచ్చెన మీది కాలు వెనక్కి తీసుకుంది. ఇరవై రోజులుగా ఆమె భుజాలు గట్టిపడే ఉన్నాయి. ఇప్పుడు దిగాయి. ఆ దిగడం అంత దూరం నుంచీ కనిపించింది.

ఈ సంతోషంలో శెట్టిని ఎవరూ చూడలేదు. అతడు నీళ్లలో నుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కి పొడిరాతి మీద నిలబడ్డాడు. శాలువా కింద పడేశాడు. మెడ నెమలిపింఛంలా మెరిసింది, గోళ్లు జానెడు పెరిగాయి. “మాట ఓడితే ఏం, మంత్రం ఉంది కదా” అని చేయి ఓడ వైపు చాచి పెదవులు కదిపాడు. ఓడను గట్టుకు కట్టిన తాళ్లు పాములై బుసలు కొడుతూ, అతడి వైపుకు ఓడను లాగసాగాయి.

అప్పుడు ఓడ మీద కొలిమితిత్తి మూతి మైనం దానంతటదే కరిగింది. మూడు చుట్ల తాడూ వీడింది. తీర్పులో ఏమన్నారు? ఓడలోని ప్రాణులు ఎవరికి వారే. తిత్తిలో ఉన్నదీ ఓడలోని ప్రాణే మరి. కపోతకంఠుడు దానికి వేసిన మంత్రపు కట్టు ఆ మాటతోనే తెగిపోయింది.

దయ్యం తాటిచెట్టంత లేచి, రెండు బుగ్గలూ నింపుకుని ఊదింది. కపోతకంఠుడు మెట్ల మీద నుంచి లేచి, కోట మీద నుంచి ఎగిరి, రాగి చేపల మీద ఒకటి రెండు చోట్ల ఖణేల్మని తగిలి, చుక్కంతయి, కొండల అవతల మాయమయ్యాడు. పాములు మళ్లీ తాళ్లయి నీళ్లలో తేలాయి.

సాగరభట్టు తడిసిన పాదం తుడుచుకుంటూ, “సరుకువాడు పోయాడు. నీ కూలి కింద ఆ తేనె నువ్వే తీసుకుపో” అని ఎర్రమ్మతో అన్నాడు. ఎర్రమ్మ రెండోసారి చెప్పించుకోలేదు. నూరు జాడీలూ మళ్లీ ఓడెక్కాయి.

కొత్త కంబం కోసం పది రోజులు ఆగాలన్నారు వడ్రంగులు. దయ్యం అడ్డుపడింది. “కంబం దేనికమ్మా, నేనున్నాను. మూడు వందల ఏళ్లు ఒకడి పని చేశాను. ఇప్పుడు నా ఇష్టంతో చేస్తాను. కమలద్వీపం దాకా చాప నేను పట్టుకుంటాను. వంటమ్మగారు ఆ మిరపకాయలు మాత్రం నాకు దూరంగా వేయించుకోవాలి.”

అలా కంబం లేని ఓడ, దయ్యం రెండు చేతుల మధ్య తెరచాప విచ్చుకుని, మధ్యాహ్నపు ఎండలో వేలాపురి దాటింది. నావికులు పాట అందుకున్నారు. పెళ్లయి పది రోజులైనవాడు చుక్కాని పట్టుకుని ఒంటరిగా నవ్వుకుంటున్నాడు. కేసన ఓడ అంచున కూర్చుని తాటాకు మీద ఏదో గీస్తుంటే బంగారి వచ్చి పక్కన కూర్చుంది.

“మళ్లీ ఏం రాస్తున్నారు రాయసంగారూ?”

“ఇకమీద ఎవరు చెప్పినా, రాసే ముందు ఒకసారి చదువుకోవాలని నాకు నేనే రాసుకుంటున్నాను, రాకుమారీ.”

“రాకుమారి పక్కన ఏ మాట ఉంటే బాగుంటుందో అది కూడా ఆలోచించి పెట్టండి” అని ఆమె సముద్రం వైపు చూసింది. కేసన చేతిలో గంటం జారి కాలి బొటనవేలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

సరిగ్గా అప్పుడే సరుకు గదిలో నుంచి టక్ టక్ మని చప్పుడయింది. లోపలి నుంచి ఎవరో మట్టిపాత్రను వేలితో కొడుతున్నట్టు. పాట ఆగిపోయింది. దయ్యం తెరచాప వదలకుండానే తల వంచి విని, నాలుక కరుచుకుంది.

“కంగారుపడకండమ్మా. అది మా ఆవిడ.”

“నీ ఆవిడా?” అంది ఎర్రమ్మ.

“ఆవిడే. ఆ పక్కన మా బావమరుదులు. చెప్పడం మరిచాను. కట్టు మా అందరికీ కలిపే వేశాడు. తీర్పు చెప్పే వేళకు నేను ఓడలో ఉన్నాను, నాది తెగింది. వాళ్ల జాడీలు మెట్ల మీద ఉన్నాయి కదా. ఓడలోని ప్రాణులకేగా తీర్పు, వాళ్లింకా అతడి ఆజ్ఞలోనే ఉన్నారు.” దయ్యం గొంతు తగ్గించింది. “ఆవిడ నా అంత మెతక కాదు.”

టక్ టక్ చప్పుడు రెండో జాడీలో మొదలయింది. తరువాత ఏడోదానిలో. తరువాత ఎన్నింటిలోనో లెక్క తెలియలేదు. బంగారి లేచి కొంగు బిగించి, మూకుడు కోసం వంట గదిలోకి పరిగెత్తింది. కేసన తిత్తి అందుకున్నాడు. ఎర్రమ్మ తెడ్డు తీసి భుజాన వేసుకుని, సరుకు గది వైపు నడుస్తూ నిట్టూర్చింది.

“ఒక్క మెతుకు పట్టి సూసి అన్నం దించేశాం రా కేసనా. వంట ఎవుడిదో సూసుకోలేదు.”

మొదటి జాడీ మూత మెల్లగా పైకి లేచింది.